ఫాస్ఫేట్ అయిపోయాక మిగిలిన సరుకు: నౌరు–అబ్ఖాజియా దౌత్యబంధం వెనక కథ

2009 డిసెంబరు 15న నల్లసముద్రం ఒడ్డున ఉన్న అబ్ఖాజియా రాజధాని సుఖుమిలో ఇద్దరు విదేశాంగ మంత్రులు ఓ ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. ఒకరు అబ్ఖాజియా తరఫున సెర్గీ షాంబా. రెండోవారు పసిఫిక్ మహాసముద్రం నడిమధ్య నుంచి ఇంతదూరం వచ్చిన కీరెన్ కెకె, నౌరు మంత్రి. అబ్ఖాజియా మా భూభాగమే అంటుంది జార్జియా. ప్రపంచంలో అత్యధిక దేశాలది అదే మాట, భారత్‌ది కూడా. అలాంటి చోటును నౌరు ఆ రోజు స్వతంత్ర దేశంగా గుర్తించింది. మర్నాడు జార్జియా నుంచి విడిపోయిన మరో ప్రాంతం దక్షిణ ఒసేతియాకూ అదే గౌరవం దక్కింది.

నౌరు 21 చదరపు కిలోమీటర్ల దీవి. జనాభా పన్నెండు వేలకు అటూ ఇటూ. మన దగ్గర ఓ మోస్తరు మండల కేంద్రంలో ఇంతకంటే ఎక్కువమంది ఉంటారు. నౌరు, అబ్ఖాజియాల మధ్య రాకపోకల్లేవు, చెప్పుకోదగ్గ వ్యాపారం లేదు, ఉమ్మడి చరిత్ర అసలే లేదు. కెకె అంతకుముందే మాస్కో వెళ్లారనీ, అత్యవసర పనుల కోసం 5 కోట్ల డాలర్లు అడిగారనీ రష్యా పత్రిక కొమ్మెర్‌సాంత్ రాసింది. అది పత్రిక కథనమే తప్ప ఒప్పంద పత్రంలోని లెక్క కాదు. అయినా ఆ అంకె చూసి చాలామంది నవ్వుకున్నారు. నౌరు చేతిలో అమ్ముకోవడానికి సంతకం ఒక్కటే ఎందుకు మిగిలిందో తెలిస్తే ఆ నవ్వు కాస్త తగ్గుతుంది.

ఈ కథ ఓ రాయితో మొదలవుతుంది. సిడ్నీలో పసిఫిక్ ఐలాండ్స్ కంపెనీ ఆఫీసులో తలుపు పడిపోకుండా అడ్డం పెట్టుకున్న రాయి అది, నౌరు నుంచి ఎవరో తెచ్చింది. శిలగా మారిన చెట్టు ముక్క అనుకునేవారు. 1899లో ఆల్బర్ట్ ఎల్లిస్ అనే ఉద్యోగికి అనుమానమొచ్చి పరీక్ష చేయిస్తే ఎరువుల తయారీకి వాడే మేలురకం ఫాస్ఫేట్ అని తేలింది. అప్పటికి దీవి జర్మనీ చేతిలో ఉంది. కొన్నేళ్లకే తవ్వకం మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంతో జర్మనీ పోయింది. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మూడూ కలిసి బ్రిటిష్ ఫాస్ఫేట్ కమిషనర్స్ పేరుతో గనిని పంచుకున్నాయి. ఆ ఎరువుతో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పొలాలు పండాయి. దీవి వాళ్లకు దక్కింది నామమాత్రపు రాయల్టీ.

రెండో యుద్ధంలో జపాన్ సైన్యం 1,200 మంది నౌరు వాళ్లను పసిఫిక్‌లోనే ఉన్న ట్రక్ (చూక్) దీవులకు తరలించింది. వాళ్లలో ఏడొందల పైచిలుకు మాత్రమే ప్రాణాలతో బయటపడి 1946 జనవరి 31న సొంత గడ్డ చేరారు. 1968లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నదీ జనవరి 31నే.

ఆ తర్వాత గని సొంతమైంది, డబ్బు వరదలా వచ్చింది. 1970ల్లో తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే ముందు వరసలో ఉన్న దేశాల్లో నౌరు ఒకటి. మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల నౌరు హౌస్ కట్టారు, సొంత విమాన సంస్థ పెట్టారు, లండన్‌లో ఓ సంగీత నాటకానికి కూడా పెట్టుబడి పెట్టి పోగొట్టుకున్నారు. ఖనిజం అడుగంటేసరికి దీవిలో దాదాపు ఐదింట నాలుగు వంతులు మొనదేలిన రాళ్ల దిబ్బయింది. స్వాతంత్ర్యానికి ముందు తవ్వి పాడుచేసిన నేలకు పరిహారం కావాలని 1989లో నౌరు అంతర్జాతీయ న్యాయస్థానంలో ఆస్ట్రేలియా మీద కేసు వేసింది. 1993లో 10.7 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు రాజీ కుదిరింది. అదీ కరిగిపోయింది. 2004లో నౌరు హౌస్ అమ్ముడుపోయింది. 2005 డిసెంబరులో మిగిలిన ఒకే ఒక్క బోయింగ్‌నూ అప్పులవాళ్లు పట్టుకుపోయారు.

నేల కింద ఏమీ మిగలకపోతే దేశం అనే హోదాతోనే సంపాదించాలి. 1990ల్లో ఒకే పోస్టు పెట్టె చిరునామా మీద సుమారు 400 బ్యాంకులకు లైసెన్సులిచ్చారు. 1998లో రష్యా నుంచి 7,000 కోట్ల డాలర్లు వాటిగుండా జారుకున్నాయని రష్యా కేంద్ర బ్యాంకు అధికారే చెప్పారు. అంటే మాస్కోకు నౌరు పేరు 2009లో కొత్తగా వినపడలేదు! అమెరికా కన్నెర్ర చేశాక ఆ దారి మూసుకుపోయింది. 2001 నుంచి ఆస్ట్రేలియా తనకొద్దనుకున్న శరణార్థులను ఇక్కడ ఉంచి, అందుకు డబ్బిచ్చింది. మరో బేరం తైవాన్‌తో. 1980 నుంచి తైవాన్‌ను గుర్తిస్తూ వచ్చిన నౌరు 2002 జులైలో చైనా వైపు దూకింది, 2005 మేలో వెనక్కి వచ్చింది. పోయిన బోయింగ్ బదులు ఇంకో విమానం రావడానికి తైవాన్ సాయమే ఆధారమైంది. ఐక్యరాజ్యసమితిలో నౌరుది 1999 నుంచి సభ్యత్వం. సర్వసభ్య సభలో చైనాకు ఎన్ని ఓట్లో నౌరుకూ అన్నే.

ఇక అబ్ఖాజియా వైపు నుంచి చూద్దాం. 1931లో స్టాలిన్ కాలంలో దాన్ని జార్జియాలో స్వయంప్రతిపత్తి ప్రాంతంగా కలిపేశారు. 1989 జనాభా లెక్కల నాటికి అబ్ఖాజులు అక్కడ ఐదింట ఒక వంతు కూడా లేరు, జార్జియన్లు సగానికి దగ్గర. 1992 ఆగస్టులో యుద్ధం మొదలై, 1993 సెప్టెంబరులో సుఖుమి అబ్ఖాజుల చేతికొచ్చింది. రెండు లక్షలకు పైగా జార్జియన్లు ఇళ్లొదిలి పారిపోయారు. చాలామంది ఇప్పటికీ తిరిగి వెళ్లలేకపోయారు. అబ్ఖాజియా స్వేచ్ఛ గురించి రాసేవాళ్లు ఈ సంగతిని ఒక్క ముక్కలో దాటేస్తుంటారు, అది న్యాయం కాదు.

2008 ఫిబ్రవరిలో కొసావో సెర్బియా నుంచి విడిపోయి స్వాతంత్ర్యం ప్రకటించుకుంటే, రష్యా వద్దంటున్నా చాలా పశ్చిమ దేశాలు వెంటనే గుర్తించాయి. అదే ఏడు ఆగస్టులో జార్జియాతో అయిదు రోజుల యుద్ధం ముగిశాక, 26న రష్యా బదులు తీర్చుకున్నట్టుగా అబ్ఖాజియాను, దక్షిణ ఒసేతియాను గుర్తించింది. సెప్టెంబరులో నికరాగువా, మరుసటి ఏడు వెనెజువెలా తోడయ్యాయి. పొరుగున ఉన్న పాత సోవియట్ దేశాలు ఒక్కటీ కదల్లేదు. అందుకే పసిఫిక్ దీవుల సంతకాలకు అంత గిరాకీ వచ్చింది.

ఈ బేరంలో అసలు తమాషా వనువాతుది. 2011 మేలో ఆ దేశం గుర్తింపు ఇచ్చిందని సుఖుమి ప్రకటించింది. ఐక్యరాజ్యసమితిలోని వనువాతు రాయబారి అదేం లేదన్నారు. విదేశాంగ మంత్రి ఉందన్నారు. ఈలోగా కోర్టు తీర్పుతో ప్రధాని మారారు, కొత్తాయన రద్దు చేశానన్నారు. పార్లమెంటు ఓటుతో పాతాయన మళ్లీ కుర్చీ ఎక్కేసరికి గుర్తింపూ మళ్లీ బతికింది. 2013లో వనువాతు జార్జియాతోనే దౌత్య సంబంధాలు పెట్టుకుని ఆ అంకానికి తెరదించింది. 2011 సెప్టెంబరులో చేరిన తువాలు కూడా 2014 మార్చి 31న జార్జియా రాజధాని టిబిలిసీలో సంతకం చేసి, జార్జియా సరిహద్దులను ఒప్పుకుంది.

నౌరు మాత్రం అలా మాట మార్చలేదు. అలాగని గుర్తింపుల విషయంలో అదేమీ స్థిరమైన దేశం కాదు. 2024 జనవరి 13న తైవాన్‌లో అధ్యక్ష ఎన్నికలు ముగిస్తే, 15న నౌరు రెండోసారి తైవాన్‌ను వదిలి చైనాతో చేతులు కలిపింది. భారీగా డబ్బడిగి, చైనా ఇచ్చేదానితో పోల్చి చూసుకుందని తైవాన్ అధికారులు మండిపడ్డారు. తైవాన్‌కు మిగిలిన మిత్రదేశాలు పన్నెండు. సుఖుమిలో పెట్టిన సంతకం జోలికి మాత్రం నౌరు అప్పుడూ వెళ్లలేదు.