మంచుకు అతుక్కొచ్చే ముక్క

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో పనిచేసినవాళ్లకు తెలిసిన సంగతే: గడ్డకట్టిన దిమ్మను తడిచేత్తో పట్టుకుంటే వేళ్లు అతుక్కుపోతాయి. గట్టిగా లాగితే తోలు లేస్తుంది. పరీక్ష కోసం ఊపిరితిత్తి నుంచి గడ్డకట్టించి ముక్క తీసే క్రయోబయాప్సీ నడిచేదీ ఈ అతుకు మీదే.

రోగికి మత్తిచ్చి, బ్రాంకోస్కోపు (శ్వాసనాళంలోకి దించే కెమెరా గొట్టం) గుండా సుమారు రెండు మిల్లీమీటర్ల మందమున్న ప్రోబును, అంటే సన్నని తీగలాంటి సాధనాన్ని, లోపలికి పంపుతారు. అందులో ఒత్తిడి మీదున్న కార్బన్ డయాక్సైడు సన్నని రంధ్రం దాటగానే వ్యాకోచించి చల్లబడుతుంది. 1852లో జౌల్, థామ్సన్ కనిపెట్టిన సంగతే ఇది. కొన మైనస్ 70 డిగ్రీల కిందికి పోతుంది. నాలుగైదు సెకన్లలో చుట్టూ ఉన్న తడి కణజాలం దానికి కరుచుకుంటుంది. అప్పుడు ఒక్క లాగు.

మామూలు ఫోర్సెప్స్ (చిన్న పట్టకారు) గిల్లితే వచ్చేది చిన్న ముక్క, అదీ నలిగిపోయి. 2009లో జర్మనీ వైద్యులు 41 మందిలో పోల్చి చూస్తే సగటున ఫోర్సెప్స్ ముక్క 5.8 చదరపు మిల్లీమీటర్లు, క్రయో ముక్క 15.1. ఊపిరితిత్తుల అల్లిక దెబ్బతినే ఐఎల్‌డీ (ఇంటర్‌స్టీషియల్ లంగ్ డిసీజ్) జబ్బుల్లో ఈ తేడా చిన్నది కాదు. బూజుపట్టిన వరిగడ్డి దులిపేవాళ్లకు వచ్చే అలర్జీ జబ్బూ ఆ కోవలోదే.

అసలు చిక్కు ముక్క పెద్దది కావడంతోనే వస్తుంది. అది బ్రాంకోస్కోపు గొట్టంలో పట్టదు, స్కోపుతో సహా బయటికి లాగాలి. ఆ కాసేపు లోపల రక్తం కారుతున్నా డాక్టరుకు కనబడదు. అందుకే శ్వాసనాళంలో ముందే బెలూను పెట్టి ఉంచి, లాగిన వెంటనే ఉబ్బించి దారి మూస్తారు. వరద రాకముందే ఏటిగట్టు మీద ఇసుక బస్తాలు పేర్చుకోవడం లాంటిదన్నమాట. ప్రోబు ఊపిరితిత్తి అంచుకు మరీ దగ్గరైతే పొర చిరిగి ఛాతీలోకి గాలి చేరుతుంది, మరీ లోపలే ఆగితే పెద్ద రక్తనాళాలు తగులుతాయి. ఎక్స్‌రే తెర మీద చూస్తూ అంచుకు సుమారు సెంటీమీటరు దూరంలో ఆపడం అందుకే.

2022లో యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీ, అనుభవమున్న చోట సర్జరీ బయాప్సీకి బదులు దీన్ని ఎంచుకోవచ్చంది. ఆస్ట్రేలియాలో 65 మందికి రెండూ చేసి చూస్తే సుమారు 71 శాతం మందిలో ఫలితాలు కలిశాయి. తేలనివాళ్లకు సర్జరీ దారి ఇంకా ఉంది. ఊపిరితిత్తుల్లో రక్తపోటు బాగా పెరిగినవాళ్లకు, శ్వాస సామర్థ్యం బాగా తగ్గినవాళ్లకు మాత్రం ఇందులో ముప్పు ఎక్కువ.

సీటీ స్కానులోనే జబ్బు రూపం స్పష్టంగా ఉంటే ముక్కే అక్కర్లేదు. ముక్క తీసినా స్లైడు ఒక్కటే తీర్పు చెప్పదు. ఛాతీ వైద్యుడు, స్కాన్లు చదివే రేడియాలజిస్టు, ముక్కను పరీక్షించే పాథాలజిస్టు కలిసి కూర్చుని తేల్చాలి. కోనసీమ రైతునైతే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: “గడ్డివాము దగ్గరికి వెళ్తే దగ్గు ఎక్కువవుతోందా?”