ఇన్సులిన్ కణం పుట్టిల్లు ఏది?

క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణం తీరు చూస్తే నాడీకణమే గుర్తొస్తుంది. హార్మోన్‌ను బుల్లి బుల్లి సంచుల్లో నింపి దాచుకుంటుంది. గ్లూకోజ్ పెరగ్గానే పొర మీద కరెంటు పుడుతుంది, కాల్షియం లోపలికి దూసుకొస్తుంది, సంచులు తెరుచుకుని ఇన్సులిన్ బయటపడుతుంది. నాడీకణం తన రసాయనాన్ని వదిలేదీ ఇలాగే. మరి ఇవి చుట్టాలా?

1960ల్లో లండన్‌లో పనిచేసిన ఆంథనీ పియర్స్ అవునన్నాడు. థైరాయిడ్, అడ్రినల్, పేగు, క్లోమం, ఇలా చెదిరి ఉన్న హార్మోన్ కణాలన్నిటిలో ఆయనకు ఒకే గుణం కనిపించింది. అమైన్లకు, అంటే అడ్రినలిన్ లాంటి చిన్న రసాయనాలకు, కావలసిన ముడిసరుకును లాక్కుని అమైన్లుగా మార్చుకోవడం. దాంతో ఇవన్నీ న్యూరల్ క్రెస్ట్ బిడ్డలే అని ప్రతిపాదించాడు. పిండంలో వెన్నుపాము రూపుదిద్దుకునే చోట అంచుల నుంచి విడివడి ఒళ్లంతా వలసపోయే కణాల గుంపే న్యూరల్ క్రెస్ట్; ఎన్నో నాడీకణాలు పుట్టేదీ దీని నుంచే. ఊహ ముచ్చటగానే ఉంది. కానీ ముఖాలు కలిసినంత మాత్రాన రక్తసంబంధం ఉన్నట్టు కాదు కదా!

ఆ సంగతి తేల్చింది కౌజు పిట్ట. కౌజు కణాల కేంద్రకంలో డీఎన్ఏ కొంత ముద్దకట్టి ఉంటుంది. రంగు వేస్తే ముదురు చుక్కలా కనిపిస్తుంది. కోడి కణాల్లో ఆ చుక్క ఉండదు. ఫ్రాన్స్‌లో నికోల్ లె దువారిన్ పట్టుకున్న కిటుకు ఇదే. పొదిగిన తొలి రోజుల్లోనే కోడి పిండంలో న్యూరల్ క్రెస్ట్ ముక్క తీసేసి, అక్కడ కౌజు ముక్క అతికించింది. ఆ కణాలు ఎంత దూరం వలసపోయినా చుక్క వాటిని పట్టిచ్చేస్తుంది.

అడ్రినలిన్ చేసే కణాల్లో చుక్క కనిపించింది. రక్తంలో కాల్షియాన్ని తగ్గించే కాల్సిటోనిన్ అనే హార్మోన్‌ను చేసే కణాల్లోనూ కనిపించింది. పేగు, క్లోమం హార్మోన్ కణాల్లో మాత్రం లేదు. 1976లో ఇంకో బృందం ఎలుక పిండాల్లో, నాడీ వ్యవస్థకు మూలమైన బయటి పొరను ముందే తీసేసి పెంచింది. అయినా ఇన్సులిన్ కణాలు పుట్టాయి. అంటే బీటా కణం పుట్టిల్లు పేగును తయారుచేసే లోపలి పొరే.

కాల్సిటోనిన్ కథకు మరో మెలిక ఉంది. పక్షుల్లో తేలిందే మనకూ నిజమని పాఠ్యపుస్తకాలు దశాబ్దాలు రాశాయి. 2015లో చిట్టెలుకల్లో కణాల వంశం కూపీ లాగితే, అక్కడ అవీ లోపలి పొర నుంచే వస్తున్నాయి. కోడి లెక్కను అందరికీ అంటగట్టడమే పొరపాటు.

మరి ఆ పోలిక ఎక్కడిది? పియర్స్ పూర్తిగా ఓడిపోలేదనే నాకనిపిస్తుంది. పిండం క్లోమంలో హార్మోన్ కణాలు పుట్టాలంటే న్యూరోజెనిన్-3 అనే జన్యువు పనిచేయాలి. అది లేని చిట్టెలుకల్లో ఇన్సులిన్ కణాలే ఉండవు. నాడీకణాలను పుట్టించేవీ ఈ జన్యువు తోబుట్టువులే. వేర్వేరు ఇళ్లలో పుట్టినా వాడే పనిముట్లు ఒకటే. పండ్ల ఈగలో అయితే ఇన్సులిన్ లాంటి హార్మోన్‌ను చేసేవి అచ్చంగా మెదడు కణాలే. 2002లో వాటిని చంపి చూస్తే, ఈగలు ఎదగక చిన్నవిగా మిగిలాయి, వాటి ఒంట్లో చక్కెర పెరిగింది.

ఈ పనిముట్లు మెదడు కంటే పాతవి కావచ్చు. సముద్రంలో ట్రైకోప్లాక్స్ అనే పలచటి జీవి ఉంది. దానికి మెదడు లేదు, ఒక్క నాడీకణమూ లేదు. పాకుతూ పోతూ కింద నాచు తగలగానే ఆగి తింటుంది. అలా ఆగమని చెప్పేది దాని స్రావక కణాలు వదిలే ఒక చిన్న పెప్టైడ్, అంటే పొట్టి ప్రొటీన్ గొలుసు.