క్రియ రెండో చోటే ఉండాలి

స్వీడిష్ నేర్చుకుంటున్న పెద్దవాళ్ల నోట తరచూ వినిపించే వాక్యం ఒకటుంది: ‘ఇదాగ్ యాగ్ ఏతెర్ ఫిస్క్’. ఇవాళ, నేను, తింటాను, చేప. అర్థం తెలిసిపోతుంది, కానీ తప్పు. మామూలు స్వీడిష్ వాక్యంలో క్రియ రెండో చోటే ఉండాలి. ‘ఇవాళ’ ముందుకొస్తే ‘నేను’ క్రియ వెనక్కి జరగాలి: ‘ఇదాగ్ ఏతెర్ యాగ్ ఫిస్క్’.

మొదట్లో వాళ్లు ఈ తప్పు చేయరు. ‘యాగ్ ఏతెర్ ఫిస్క్’ అని ఒకే వరుస పట్టుకుని మాట్లాడతారు. ‘ఇవాళ’ని ముందుకు తెచ్చే ధైర్యం వచ్చాకే తప్పు మొదలవుతుంది. అంటే మనిషి ఒక మెట్టు ఎక్కాడని ఆ తప్పే చెబుతోంది. ఎర్ర పెన్ను తీసే ముందు ప్రతి టీచరూ ఈ సంగతి గుర్తుచేసుకోవాలని నా గట్టి కోరిక.

ఈ మెట్ల వెనుక కారణాన్ని భాషావేత్త మాన్‌ఫ్రెడ్ పీనెమాన్ 1998లో ఒక పుస్తకంలో వివరించాడు. మరుసటి ఏడాది గిసేలా హోకన్‌సన్‌తో కలిసి స్వీడిష్‌ను ఆ కోణంలో పరిశీలించాడు. మాట్లాడేటప్పుడు మెదడు ఒక మాటలోని సమాచారాన్ని పట్టి ఉంచి ఇంకో మాటకు అందించాలి. ఒకే పదబంధంలో ఉన్న మాటలకు అందించడం తేలిక. బంధం దాటి అందించడం కష్టం, అందుకే ఆలస్యం.

ఇంటినే తీసుకుందాం. ‘ఎత్ స్తూర్ట్ హూస్’ అంటే ఒక పెద్ద ఇల్లు. ‘హూస్’ కోసం ‘స్తూర్’ చివర ‘ట్’ చేరింది. ఈ పొందిక ముందు వస్తుంది. ‘హూసెన్ ఎర్ స్తూరా’, అంటే ఇళ్లు పెద్దవి అన్నప్పుడు బహువచనం కబురు క్రియను దాటి వెళ్లాలి కాబట్టి ఇది తర్వాత వస్తుంది. క్రియను ‘నేను’ కన్నా ముందు పెట్టడం కూడా ఈ మెట్టు మీదే. మన తెలుగులో ‘పెద్ద ఇల్లు, పెద్ద ఇళ్లు’ అంటే ‘పెద్ద’ కదలదు, ‘ఇల్లు పెద్దది, ఇళ్లు పెద్దవి’ అంటే మారుతుంది. అయినా ఈ సిద్ధాంతం ప్రకారం, మనకు అలవాటు లేని ‘స్తూర్ట్ హూస్’ పొందికే మనకూ ముందు పట్టుబడాలి.

అన్నిటికన్నా చివర వచ్చేది ‘ఇంతె’, మన ‘లేదు, కాదు’ లాంటి మాట. ‘యాగ్ ఏతెర్ ఇంతె’, నేను తినను. అదే ఉపవాక్యంలో క్రియకు ముందు చేరుతుంది: ‘అత్ యాగ్ ఇంతె ఏతెర్’, నేను తిననని.

మాతృభాష అలవాటు ఉంటే మెట్లు దాటేయొచ్చు కదా అనిపిస్తుంది. జర్మన్‌లోనూ క్రియ రెండో చోటే ఉంటుంది. అయినా జర్మన్ నేర్చుకుంటున్న స్వీడన్ బడిపిల్లలను 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో పరిశీలిస్తే, వాళ్లూ మొదట ‘ఇవాళ నేను తింటాను’ వరుసలోనే మాట్లాడారు. ఇంట్లో రోజూ సరిగ్గా వాడే నియమమే, కొత్త భాషలో మళ్లీ కింది మెట్టు నుంచి ఎక్కాల్సి వచ్చింది.