ఫస్ట్ పెయింట్‌బాల్ మార్కర్ కొనేముందు: అపోహలు - వాస్తవాలు

కొత్తపేట వైపు ఒక కొబ్బరితోటలో పెయింట్‌బాల్ ఆడిస్తానండి, రంగు నింపిన బాల్స్‌తో ఒకరినొకరు కొట్టుకునే ఆట. ఆ బాల్స్‌ని గాలి ప్రెజర్‌తో కాల్చే తుపాకీ లాంటి పనిముట్టే మార్కర్. ఆట సాయంత్రాలే, మిగతా టైమంతా మార్కర్లు విప్పుకోవడం, ఓరింగులు (గాలి లీకవకుండా పెట్టే రబ్బరు రింగులు) మార్చడం, గ్రీజు రాయడం. సంక్రాంతికి ఊరొచ్చేవాళ్ళు, భీమవరం కాలేజీల నుంచి బళ్ళేసుకొచ్చే కుర్రాళ్ళు రెండు మూడు సార్లు అద్దె మార్కర్‌తో ఆడితే చాలు, ఇంక సొంతంది కావాలనిపిస్తుంది. "అన్నా ఏది కొనమంటావ్" అంటారు, నేను "గాలి ఎక్కడ నింపిస్తావ్ తమ్ముడూ" అంటాను, వాళ్ళు నా మొహం చూస్తారు. ఫోన్‌లో చూసిన మోడల్ బాగుందో లేదో చెప్తాడనుకుంటే ఈయన గాలి గురించి అడుగుతాడేంటని. కానీ మన గోదారి జిల్లాల్లో ఫస్ట్ మార్కర్ కథంతా గాలి దగ్గరే మొదలవుతుంది, ఆ సంగతి తేల్చుకోకుండా కొన్నవి బీరువా మీద దుమ్ము పట్టి ఉండిపోవడం చాలా చూశాను. పోయిన డబ్బు ఎలాగూ పోయింది, మంచి ఆట మీద ఇష్టం కూడా పోతుంది, అది నాకు బాధండి. అందుకే రోజూ వినే మాటలు ఒక్కోటి తీసుకుని రాస్తున్నా.

అపోహ: గాలే కదా, పంక్చర్ షాపులో పట్టించుకోవచ్చు

కుదరదండి. టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్ మహా అయితే నూటయాభై పీఎస్ఐ (గాలి ప్రెజర్ కొలత) దాకా వెళ్తుంది. పెయింట్‌బాల్ ఎయిర్ ట్యాంకు నింపేది 3000 పీఎస్ఐకి, కార్బన్ ఫైబర్ ట్యాంకైతే 4500. ఆ ప్రెజర్‌ని ట్యాంకు మీదున్న రెగ్యులేటర్ తగ్గించి మార్కర్‌కి 800 దగ్గర్లో పంపిస్తుంది, అందుకే మొదటి బాల్‌కీ యాభయ్యో బాల్‌కీ స్పీడులో తేడా పెద్దగా ఉండదు. ఇలా నింపాలంటే స్కూబా డైవింగ్ వాళ్ళు వాడే హై ప్రెజర్ కంప్రెసర్ కావాలి, లేదా అలా నింపిన పెద్ద సిలిండర్ నుంచి పట్టుకోవాలి. మన పక్కన సెంటర్ సెంటర్‌కీ ఉండే వస్తువు కాదది. కాబట్టి ముందు మీరు ఆడబోయే గ్రౌండుకెళ్ళి "బయట ట్యాంకు తెస్తే నింపుతారా, 3000 దాకానా 4500 దాకానా" అని అడగండి, వాళ్ళు ఔనంటేనే మార్కర్ సంగతి. 3000 దాకే నింపేచోట 4500 ట్యాంకు కొనుక్కున్నా మూడింట రెండు వంతులే నిండుతుంది, పెట్టిన డబ్బు దండగ.

ఇంకో మాట, ఇది ఎవరైనా నవ్వుతూ అన్నా నాకు ఒళ్ళు జలదరిస్తుంది: "వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ ఉంటుందిగా, చేపల చెరువుల మీద కూడా ఉంటుందిగా, అది పట్టేద్దాం". ఆక్సిజన్ ఎప్పుడూ ఎక్కించకూడదు. లోపలంతా నూనె, గ్రీజు ఉంటాయి, ప్రెజర్ మీద స్వచ్ఛమైన ఆక్సిజన్ వాటికి తగిలితే మంటే. ఎయిర్ ట్యాంకు నింపే నిపుల్ దగ్గర నూనె చుక్క కూడా వెయ్యొద్దనేది ఇందుకే, మామూలు గాలైనా అంత ప్రెజర్‌తో ఒక్కసారిగా దూరితే అక్కడ వేడి పుడుతుంది.

అపోహ: సోడా కంపెనీలో సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) దొరుకుతుంది, అదే చవక, అదే మేలు

దొరకడం నిజం, మార్కర్ పనిచెయ్యడమూ నిజం. అసలు ఈ ఆట పుట్టిందే సీఓటూ మీద. అమెరికాలో అడవి పనివాళ్ళు నరకాల్సిన చెట్లకి గుర్తు పెట్టుకోవడానికి, పశువులవాళ్ళు మందలో పశువుల్ని గుర్తు పట్టడానికి నెల్‌స్పాట్ 007 అని ఒక పనిముట్టు ఉండేది, 12 గ్రాముల సీఓటూ కాట్రిడ్జి మీద నడిచేది. మార్కర్ అనే పేరు అక్కడిదే, మేం గన్ అనం.

కానీ సీఓటూ ట్యాంకులో ద్రవంగా ఉంటుంది, దాని ప్రెజర్ ఎండని బట్టి మారిపోతుంది. 21 డిగ్రీల దగ్గర 850 పీఎస్ఐ ఉండేది వేడెక్కేకొద్దీ పెరుగుతూ పోతుంది, 31 డిగ్రీలు దాటితే అది ద్రవంగా ఉండనే ఉండదు, ఇక ఎంత కుక్కి నింపారన్నదాన్ని బట్టి ప్రెజర్ ఎక్కడికైనా పోతుంది. ఇప్పుడు మన మే నెల తల్చుకోండి, రాజమండ్రిలో 40 దాటడం మామూలే, మూసేసిన కారులో ఇంకెంతో. ఒక తమ్ముడు ఎక్కడో తూకం వెయ్యకుండా నింపించుకొచ్చిన ట్యాంకుని కారు డిక్కీలో పెట్టి తోట బయట ఆపాడు, మధ్యాహ్నం రెండింటికి బర్స్ట్ డిస్క్ పగిలి బుస్సుమని గ్యాసంతా పోయింది, తలుపు తీస్తే డిక్కీలో బట్టలన్నీ తెల్లగా మంచు పట్టి ఉన్నాయి. ఆ డిస్క్ పెట్టిందే ట్యాంకు పేలకుండా ముందు తను పగలడానికి, దాని పని అది చేసింది కాబట్టి సరిపోయింది. అది పగిలితే కొత్తది వేయించాలి గానీ రేకుముక్క ఏదో పెట్టి బిగించెయ్యొద్దు, మీ కాళ్ళు పట్టుకుంటా.

సీఓటూ తప్పకపోతే ఖాళీ ట్యాంకు తూచి, నింపాక మళ్ళీ తూచి, దాని మీద రాసినంత బరువే ఎక్కిందో లేదో చూడండి. 20 ఔన్సుల ట్యాంకంటే 567 గ్రాములు, అంతకి మించి వద్దు. గబగబా కాలిస్తే ట్యాంకు చల్లబడి స్పీడు పడిపోతుంది, ద్రవం మార్కర్‌లోకి వచ్చేస్తే ఓరింగులు గడ్డకట్టి పోతాయి, ఎలక్ట్రానిక్ మార్కర్లకైతే అసలే పనికిరాదు. ఇంకొకటి, ట్యాంకు విప్పేటప్పుడు సీసా, దాని మీద వాల్వు రెండూ కలిసే తిరగాలి. సీసా ఒక్కటే తిరిగి వాల్వు మార్కర్‌లోనే ఉండిపోతోందంటే ఆపెయ్యండి, అలా ఊడిన సీసా తగిలి అమెరికాలో మనుషులు చనిపోయారు. ఇంట్లో నెయిల్ పాలిష్ తీసుకుని వాల్వు మీద నుంచి సీసా మీదకి ఒక గీత గియ్యండి, గీత విడిపోయిందంటే వాల్వు వదులైందని అర్థం, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

అపోహ: ఎంత గబగబా కాలిస్తే అంత గెలుస్తాం, కాబట్టి ఎలక్ట్రానిక్‌దే కొనాలి

1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్‌లో హెనికర్ అనే ఊరి దగ్గర అడవిలో మొట్టమొదటి ఆట ఆడారు, పన్నెండు మంది. గెలిచినాయన రిచీ వైట్, అడవి పని తెలిసిన మనిషి. ఆట మొత్తంలో ఒక్క బాల్ కూడా కాల్చకుండా, ఎవరికీ కనపడకుండా జెండాలన్నీ తెచ్చేసుకున్నాడు. నేను కొత్తవాళ్ళకి ఆట మొదలెట్టే ముందు చెప్పేది ఇదొక్కటే.

లెక్క కూడా చూడండి. మామూలు హాపర్‌లో, అంటే మార్కర్ మీద బాల్స్ పోసే డబ్బాలో, 200 బాల్స్ పడతాయి, సెకనుకి పది చొప్పున కాలిస్తే ఇరవై సెకన్లలో ఖాళీ. అట్టపెట్టెకి 2000 వస్తాయి, అలాంటివాళ్ళిద్దరుంటే మధ్యాహ్నం భోజనాల లోపే పెట్టె అయిపోతుంది. మార్కర్ ఒకసారే కొంటారు, బాల్స్ జీవితాంతం కొంటారు. మెకానికల్ దాంతో మొదలెట్టినోడు చూసి కాల్చడం నేర్చుకుంటాడు, కొబ్బరిచెట్టు చాటు నుంచి చెట్టు చాటుకి పరిగెత్తడం నేర్చుకుంటాడు. పైగా ఎలక్ట్రానిక్‌లో బోర్డు, సోలినాయిడ్ (కరెంటుతో గాలి వదిలే వాల్వు), కళ్ళు అని పిలిచే సెన్సర్లు ఉంటాయి, మన ఉప్పుగాలికి, ముసురు రోజుల చెమ్మకి ఏదో ఒకటి మొరాయిస్తే విడిభాగం వచ్చేసరికి పండగ వెళ్ళిపోతుంది.

పేర్లు చెప్పమంటే, టిప్‌మన్ 98 లాంటిది మొరటు పనిముట్టు, బరువు, గాలి కాస్త ఎక్కువ తాగుతుంది, కానీ బురదలో పడ్డా తుడిచి కాల్చొచ్చు, నాలుగు అలెన్ కీలతో మీరే విప్పుకోవచ్చు. బడ్జెట్ ఇంకొంచెం ఉంటే ప్లానెట్ ఎక్లిప్స్ ఈమెక్ లాంటిది, అదీ మెకానికలే, తక్కువ ప్రెజర్ మీద నడుస్తుంది, బాల్‌ని మెత్తగా తోస్తుంది కాబట్టి బ్యారెల్‌లో పగలడం తక్కువ, తన్ను కూడా తక్కువ. దీన్ని ఎయిర్ మీదే వాడాలి, సీఓటూ పెట్టకూడదు. చూశారా, మళ్ళీ గాలి దగ్గరికే వచ్చాం. మీ గ్రౌండులో ఎయిర్ లేదంటే ఈమెక్ ఎంత మంచిదైనా మీకు పనికిరాదు.

అపోహ: బ్యారెల్ పొడుగైతే గురి పెరుగుతుంది

పెరగదు. బాల్ స్పీడందుకోవడానికి ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాలు చాలు, ఆ తర్వాత ఎంత పొడుగున్నా రాపిడే, చప్పుడు కాస్త తగ్గుతుందంతే. రైఫిల్ లాగా లోపల మెలికలున్నా పెద్ద ఉపయోగం లేదు, లోపలిది ద్రవం, పెంకుతో సమానంగా తిరగదు. స్కోపు పెట్టుకున్నా బాల్ గుండ్రంగానే ఉంటుంది, యాభై మీటర్లు దాటాక ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

గురిని నిజంగా మార్చేది బాల్‌కీ బ్యారెల్‌కీ ఉన్న బిగువు. ఇది మన డెల్టాలో అందరికంటే ఎక్కువ తెలుసుకోవాల్సిన విషయం. బాల్ పెంకు జెలటిన్, లోపల పాలిఇథిలీన్ గ్లైకాల్, నీళ్ళలో కరిగే రంగు. జెలటిన్ చెమ్మ పీలుస్తుంది. ఆగస్టులో పెట్టె మూత తీసి వదిలేస్తే రెండ్రోజుల్లో బాల్స్ ఉబ్బి మెత్తబడతాయి, హాపర్‌లో ఒకదానికొకటి అంటుకుంటాయి, బ్యారెల్‌లో పగిలి రంగు కారుతుంది, కొన్నవాళ్ళు మార్కర్‌ని తిడతారు. మార్కర్ తప్పేం లేదు. మూత గట్టిగా పట్టే డబ్బాలో, ఇంట్లో చల్లగా ఉండే గదిలో పెట్టండి, ఫ్రిజ్‌లో వద్దు, పెళుసుబారిపోతాయి. కొనేటప్పుడు బ్యారెల్ విప్పి ఒక బాల్ లోపల వెయ్యండి, అది జారి కింద పడిపోకూడదు, నోటితో ఊదితే బయటికి రావాలి, అదే సరైన సైజు. వానాకాలం బాల్ కాస్త లావెక్కుతుంది కాబట్టి మరీ బిగువు బ్యారెల్ తీసుకోవద్దు.

అపోహ: స్పీడు స్క్రూ తిప్పేస్తే దూరం వెళ్తుంది

స్క్రూ తిప్పితే స్పీడు పెరుగుతుంది, దూరం మీరనుకున్నంత పెరగదు, అంత తేలిక బాల్‌ని గాలే ఆపేస్తుంది. పెరిగేది దెబ్బ. మామూలుగా వాడే .68 అంగుళాల బాల్ సుమారు మూడు గ్రాములు, సెకనుకి 300 అడుగుల దగ్గర దాని శక్తి 12 జౌళ్ళ పైన ఉంటుంది. చాలా గ్రౌండ్లలో 280 దగ్గరే ఆపుతారు, మేమూ అంతే. క్రోనో (బాల్ స్పీడు కొలిచే మీటరు) మీద చూపించకుండా ఎవర్నీ లోపలికి పంపను, మా మేనల్లుడినైనా సరే. ఇంట్లో పదేళ్ళ పిల్లల కోసం చూస్తున్నట్టైతే .50 సైజు తీసుకోండి, బాల్ గ్రాముంపావు లోపే, దెబ్బ సగం కూడా ఉండదు. కానీ ఆ సైజు బాల్స్ మీకు దొరుకుతాయో లేదో ముందే కనుక్కోండి.

అపోహ: మార్కర్‌కి ఖర్చు పెట్టాక మిగిలితే మాస్క్ కొనొచ్చు

తిరగేసి చెయ్యండి. ముందు మాస్క్, మిగిలిన డబ్బుతో మార్కర్. అద్దె మార్కర్‌తో ఏడాది ఆడొచ్చు, పోయిన కన్ను ఎక్కడా అద్దెకి దొరకదు. ఏఎస్‌టీఎం ఎఫ్1776 (పెయింట్‌బాల్‌లో కళ్ళ రక్షణకి పెట్టిన అమెరికా ప్రమాణం) అని రాసి ఉన్న పెయింట్‌బాల్ మాస్కే కావాలి, బైకు గాగుల్స్, వెల్డింగ్ అద్దాలు, కూలింగ్ గ్లాసులు ఏవీ చెల్లవు. రెండు పొరలుండే థర్మల్ లెన్స్ తీసుకోండి, మన ఉక్కపోతకి ఒంటిపొర లెన్స్ ఐదు నిమిషాల్లో ఆవిరి పట్టేస్తుంది, ఏమీ కనపడక కుర్రాళ్ళు చటుక్కున మాస్క్ ఎత్తేస్తారు, నాకు గుండె ఆగినంత పనయ్యేది అప్పుడే. ఆవిరి పడితే కూర్చుని చెయ్యెత్తండి, నేనే వచ్చి బయటికి తీసుకెళ్తా. బ్యారెల్‌కి గుడ్డ తొడుగు కూడా మాస్క్‌తో పాటే కొనాలి, ఆట అవగానే తొడగాలి. రోడ్డు మీద మార్కర్‌ని సంచిలో పెట్టే తీసుకెళ్ళాలి, రావులపాలెం బస్టాండులో దాన్ని చూసి ఎవరైనా నిజం తుపాకీ అనుకుంటే వాళ్ళ తప్పేం లేదు.

అపోహ: ఏ నూనైనా ఒకటే

కొబ్బరినూనె వేసి తెచ్చేవాళ్ళు ప్రతి చలికాలం ఉంటారు, కొబ్బరి సీమ కదా, చేతికందేది అదే. 24 డిగ్రీల దగ్గరే అది పేరుకుంటుంది, సీఓటూ చల్లదనానికి లోపల గడ్డకట్టి, బాల్‌ని ముందుకి తోసే బోల్టు కదలదు. తుప్పు వదిలించే స్ప్రేలు కూడా కొట్టొద్దు. మార్కర్ పుస్తకంలో ఏది రాస్తే అది, నూనె అంటే నూనె, గ్రీజు అంటే గ్రీజు.

అపోహ: సెకండ్ హ్యాండ్ అంటే మోసమే

మొరటు మెకానికల్ మార్కర్ సెకండ్ హ్యాండ్‌లో భేషుగ్గా తీసుకోవచ్చు, చూసి తీసుకోవాలంతే. గాలి ఎక్కించి చెవి దగ్గర పెట్టుకోండి, బుసబుస వినపడకూడదు, అనుమానమొస్తే జాయింట్ల దగ్గర సబ్బునీళ్ళు రాయండి, బుడగలు చెప్తాయి. క్రోనో మీద పది బాల్స్ కాల్చండి, అంకెలు పైకీ కిందకీ దూకుతుంటే లోపల పని ఉన్నట్టే. బ్యారెల్‌ని వెలుతురుకి పెట్టి లోపల గీతలున్నాయేమో చూడండి. ఓరింగ్ కిట్ ఇప్పటికీ దొరికే మోడలేనా కనుక్కోండి. ట్యాంకు మాత్రం వేరే సంగతి, దాని మీద టెస్ట్ చేసిన తేదీ పొడిచి ఉంటుంది, మామూలుగా ఐదేళ్ళకోసారి నీళ్ళ ప్రెజర్ టెస్ట్ చేయించాలి. తేదీ దాటిపోయినా, అరిగి కనపడకపోయినా, సొట్ట ఉన్నా ఉచితంగా ఇచ్చినా వద్దనండి. మార్కర్ పాతది తీసుకుని ట్యాంకు కొత్తది వేసుకోండి.