హాసన్ మరణాలు, 2021 జనవరి: టీకా మీద నమ్మకం ఎక్కడ బీటవేసింది?

కర్ణాటకలోని హాసన్ జిల్లాలో నెల రోజుల్లో 20 మందికి పైగా గుండెపోటుతో చనిపోయారన్న వార్త 2025 జులై 1న దేశవ్యాప్త వివాదంగా మారింది. కొవిడ్ టీకాకు తొందరపడి అనుమతి ఇచ్చి జనానికి వేయడం కూడా ఈ మరణాలకు ఒక కారణం కావచ్చని ముఖ్యమంత్రి సిద్ధరామయ్య అన్నారు. కేంద్ర ఆరోగ్య శాఖ మర్నాడే ఖండించింది. ఆ మాట వాస్తవ విరుద్ధమని బయోటెక్ కంపెనీ బయోకాన్ అధినేత్రి కిరణ్ మజుందార్ షా బదులిచ్చారు. ఈలోగా జిమ్‌లో, పెళ్లి బరాత్‌లో కుప్పకూలిన యువకుల పాత వీడియోలు మన ఫ్యామిలీ గ్రూపుల్లోకి మళ్లీ వచ్చేశాయి.

ముఖ్యమంత్రి నోటి నుంచి వచ్చిన ఆ ఒక్క వాక్యంలో రెండు ఆరోపణలున్నాయి. టీకా వల్ల గుండెపోట్లు వస్తున్నాయన్నది ఒకటి, అనుమతి తొందరపాటుగా ఇచ్చారన్నది రెండోది. మొదటిదానికి ఆధారం లేదు. రెండోదానికి ఉంది. ఈ రెండూ ఇంతగా ఎలా కలిసిపోయాయో అర్థం కావాలంటే వెనక్కి వెళ్లక తప్పదు.

ముందు మొదటిది తేల్చుకుందాం. ఆకస్మిక మరణాల మీద ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2023 మే నుంచి ఆగస్టు వరకు 19 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని 47 ఆసుపత్రుల్లో అధ్యయనం చేసింది. 2021 అక్టోబరు నుంచి 2023 మార్చి మధ్య ఏ జబ్బూ లేకుండా ఉండి హఠాత్తుగా చనిపోయిన 18-45 ఏళ్ల వారి వివరాలను, అదే వయసులో బతికున్నవారి వివరాలతో పోల్చి చూసింది. టీకా వేసుకోవడం వల్ల ముప్పు పెరగలేదని, రెండు డోసులు వేసుకున్నవారిలో తగ్గిందని తేలింది. గతంలో కొవిడ్‌తో ఆసుపత్రిలో చేరడం, ఇంట్లో ఎవరైనా అలా హఠాత్తుగా పోయి ఉండటం, చనిపోవడానికి ముందు 48 గంటల్లో విపరీతంగా తాగడం, మత్తుపదార్థాలు, అలవాటుకు మించిన వ్యాయామం ముప్పు పెంచేవిగా బయటపడ్డాయి. ఇంత స్పష్టమైన లెక్క ఉండగా ఒక రాష్ట్ర ముఖ్యమంత్రి అలా మాట్లాడటం తప్పు. చనిపోయినవారి ఇళ్లలో మిగిలినవాళ్లకు అది ఎంత భయం పెడుతుందో ఆలోచించాల్సింది.

మరి ఇంత స్పష్టంగా చెప్పినా జనం ఎందుకు నమ్మడం లేదు? దీనికి వాట్సాప్‌ను తిట్టి ఊరుకోవడం సులువు. నా దృష్టిలో అసలు కారణం 2021 జనవరి మొదటి వారంలో ఉంది. లాక్‌డౌన్, వలస కార్మికుల నడక, మొదటి ఉద్ధృతి అందరికీ గుర్తున్నవే కాబట్టి నేరుగా అక్కడికే వెళ్దాం.

జనవరి 1న ఔషధ నియంత్రణ సంస్థకు చెందిన నిపుణుల కమిటీ సమావేశమైంది. కొవిషీల్డ్‌కు అత్యవసర అనుమతి ఇవ్వవచ్చని సిఫారసు చేసింది. కొవాగ్జిన్ విషయంలో మాత్రం, మూడో దశ ప్రయోగాలకు వాలంటీర్లను త్వరగా చేర్చుకుని, టీకా ఎంతవరకు పనిచేస్తోందో మధ్యంతర విశ్లేషణ చేయమని భారత్ బయోటెక్‌కు చెప్పింది. అంటే ఆగమంది. మర్నాడు, జనవరి 2న, అదే కమిటీ కొవాగ్జిన్‌కు కూడా సరేనంది. ప్రజాప్రయోజనం కోసం, ముందుజాగ్రత్తగా, వైరస్ కొత్త రూపాలు వస్తే ఇంకో టీకా చేతిలో ఉండాలన్న ఉద్దేశంతో, ‘క్లినికల్ ట్రయల్ మోడ్’లో, అంటే ప్రయోగ పద్ధతిలో, ఇవ్వవచ్చని రాసింది. 3న డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ వి.జి.సోమాని రెండు అనుమతులనూ ప్రకటించారు. టీకాలు 110 శాతం సురక్షితం అన్నారు. విలేకరులు ప్రశ్నలు అడిగే అవకాశం ఇవ్వలేదు.

అప్పటికి మూడో దశలో చేరాల్సిన 25,800 మందిలో దాదాపు 22,500 మందికి టీకా వేశారు. వాళ్లలో ఎంతమందికి జబ్బు సోకింది, ఎంతమందిని టీకా కాపాడింది అన్న లెక్క ఒక్కటీ రాలేదు. టీకా సురక్షితమని, శరీరంలో ప్రతిరక్షకాలు పుడుతున్నాయని మొదటి రెండు దశలు చెప్పాయి. జబ్బును ఆపుతుందా అన్నది మూడో దశే చెప్పాలి. జనవరి 1కీ 2కీ మధ్య కమిటీ ముందుకు కొత్తగా ఏ సమాచారం వచ్చిందో ఆ రోజున ఎవరూ జనానికి విప్పి చెప్పలేదు. నా మట్టుకు ఈ కథ మొత్తానికి కీలకం ఆ ఒక్క రోజే.

తొందర అప్పుడే మొదలైందని కూడా అనలేం. 2020 జులై 2న ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్ బలరాం భార్గవ 12 ఆసుపత్రులకు లేఖ రాశారు. మన హైదరాబాద్ నిమ్స్, విశాఖ కేజీహెచ్ ఆ జాబితాలో ఉన్నాయి. ప్రయోగాలన్నీ ముగించి ఆగస్టు 15 నాటికి కొవాగ్జిన్‌ను ప్రజలకు అందించాలన్నది అందులోని మాట. అప్పటికి ఒక్క మనిషికి కూడా ఆ టీకా వేయలేదు. ఆ గడువు అసంబద్ధమని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ బహిరంగంగా చెప్పింది. గడువు దాటిపోయింది కానీ, సైన్స్‌కు క్యాలెండర్ పెడుతున్నారన్న అనుమానం పోలేదు.

కాబట్టి జనవరిలో ప్రశ్నలు రావడం సహజం. ఆలిండియా డ్రగ్ యాక్షన్ నెట్‌వర్క్ దిగ్భ్రాంతి చెందామంటూ ప్రకటన ఇచ్చింది. ఏ సమాచారం చూసి అనుమతి ఇచ్చారో బయటపెట్టమని అడిగింది. వైరాలజిస్టులు, ప్రజారోగ్య నిపుణులు చాలామంది అడిగిందీ అదే. వీళ్లెవరూ టీకా వ్యతిరేకులు కారు, జీవితమంతా టీకాల కోసం పనిచేసినవాళ్లు. భోపాల్‌లో ప్రయోగాల తీరు మీద వచ్చిన ఫిర్యాదులు అదే సమయంలో బయటికొచ్చాయి. యూనియన్ కార్బైడ్ పరిసర బస్తీల పేదలు తమకు 750 రూపాయలిచ్చి సూది వేశారని, అది ప్రయోగమని సరిగా చెప్పలేదని అన్నారు. ప్రయోగాలు జరిపిన ఆసుపత్రి ఆ ఆరోపణను తోసిపుచ్చింది.

ప్రశ్నలకు వచ్చిన జవాబు లెక్కల రూపంలో రాలేదు, కోపం రూపంలో వచ్చింది. శశి థరూర్ లాంటి ప్రతిపక్ష నేతలు అనుమతి తొందరపాటన్నప్పుడు, భారత శాస్త్రవేత్తలను అవమానిస్తున్నారని అధికార పక్షం ఎదురుదాడికి దిగింది. అఖిలేశ్ యాదవ్ అంతకుముందే ‘బీజేపీ టీకా’ నేను వేసుకోనని అనేసి ఆ దాడికి చేతిలో ఆయుధం పెట్టారు. అది బాధ్యత లేని మాట. కానీ ఆ తర్వాత నిజాయితీగా అడిగినవాళ్లనీ అదే గాటన కట్టారు. జనవరి 4న భారత్ బయోటెక్ అధినేత కృష్ణ ఎల్లా విలేకరులతో మాట్లాడుతూ, తాము 200 శాతం నిజాయితీగా ప్రయోగాలు చేశామని, భారతీయ కంపెనీ కాబట్టే ఇలా చిన్నచూపు చూస్తున్నారని ఆవేదన వెళ్లగక్కారు. అత్యవసర పరిస్థితిలో ఇలా అనుమతి ఇచ్చేందుకు కొత్త మందులు, ప్రయోగాలకు సంబంధించిన 2019 నిబంధనల్లో వీలుందన్న వాదన కూడా వినిపించారు. చట్టం ప్రకారం అది చెల్లే వాదనే. శామీర్‌పేటలో తయారైన టీకా కాబట్టి తెలుగువాళ్లలో చాలామందికి ఆయన ఆవేదన మనసుకు తాకింది. దాంతో ఇక్కడ ప్రశ్న అడగడం ఇంకాస్త కష్టమైంది.

జనవరి 16న టీకాలు మొదలయ్యాయి. ముందు వరసలో ఉన్నది ఆశా కార్యకర్తలు, నర్సులు, పారిశుద్ధ్య కార్మికులు, డాక్టర్లు. కొవిషీల్డ్ వేసుకునేవాళ్లు సంతకం పెట్టనక్కర్లేదు. కొవాగ్జిన్ వేసుకునేవాళ్లు మాత్రం అంగీకార పత్రం మీద సంతకం చేయాలి. ఆ టీకా ఎంతవరకు పనిచేస్తుందో ఇంకా నిర్ధారణ కాలేదని ఆ కాగితంలోనే రాసి ఉంది. ఏ టీకా కావాలో ఎంచుకునే వీలు లేదు. ఒక పక్క 110 శాతం సురక్షితమన్న మాట, ఇంకో పక్క చేతిలో ఈ కాగితం. చదువుకున్న నర్సుకైనా టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది? దిల్లీలోని రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రి రెసిడెంట్ డాక్టర్లు మొదటి రోజే తమకు కొవిషీల్డ్ ఇవ్వమని లేఖ రాశారు. మూడో దశ ఫలితాలు వచ్చేదాకా కొవాగ్జిన్ పంపవద్దని ఛత్తీస్‌గఢ్ ఆరోగ్య మంత్రి టి.ఎస్.సింగ్‌దేవ్ ఫిబ్రవరిలో కేంద్రాన్ని కోరారు.

అదే ఫిబ్రవరి 19న కేంద్ర ఆరోగ్య మంత్రి హర్షవర్ధన్ బాబా రాందేవ్ పక్కన కూర్చుని, పతంజలి వారి కొవిడ్ మందు కొరోనిల్ కార్యక్రమంలో పాల్గొన్నారు. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు ఉందన్నట్టు ప్రచారం జరిగింది. తాము ఏ సంప్రదాయ మందునూ పరిశీలించలేదని, ధ్రువీకరించలేదని ఆ సంస్థ వెంటనే చెప్పాల్సి వచ్చింది. టీకా సమాచారం అడిగినవాళ్లను దుష్ప్రచారం చేస్తున్నారన్న ప్రభుత్వమే, ఆధారం లేని మందు పక్కన నిలబడింది. ఆ మూడు నెలలూ దగ్గరగా చూసినవాళ్లకు ఇది మరిచిపోలేని విషయం.

మార్చి 1న ప్రధాని కొవాగ్జిన్ వేసుకున్నారు. మార్చి 3న మధ్యంతర ఫలితాలు వచ్చాయి, 81 శాతం పనిచేస్తోందని. 11న ‘ట్రయల్ మోడ్’ షరతు తీసేశారు. తుది ఫలితం 77.8 శాతం. మంచి టీకానే. కంపెనీ చెప్పింది నిజమైంది. అయితే లెక్కలు రెండు నెలలు ఆలస్యంగా వచ్చాయి, ఈలోగా వాటి స్థానంలో కథలు చేరిపోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు 2021 నవంబరు 3న గానీ రాలేదు. అప్పటిదాకా కొవాగ్జిన్ వేసుకుని అమెరికా చదువులకు బయల్దేరిన మన పిల్లలు, అక్కడి యూనివర్సిటీలు మళ్లీ వేరే టీకా వేసుకోమంటే ఏం చేయాలో తెలియక డాక్టర్ల చుట్టూ తిరిగారు.

మే నెల వచ్చేసరికి పరిస్థితి తలకిందులైంది. ఆక్సిజన్ లేదు, బెడ్లు లేవు, టీకా వేసుకుందామన్నా డోసులు చాలవు. అప్పుడే నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే నాటు మందు కోసం వేలమంది పోటెత్తారు. మే 21న జనాన్ని అదుపు చేయలేక పంపిణీ ఆపేశారు. కంట్లో చుక్కలు వేయగానే లేచి కూర్చున్నానని చెప్పిన ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ వీడియో ఇంటింటికీ చేరింది. ఆయన తర్వాత కొన్ని రోజులకే చనిపోయారు. మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలు మినహా కొన్ని మందులకు అనుమతి ఇచ్చింది. హాని లేదన్నదే ఆ అనుమతికి ఆధారం, కొవిడ్ తగ్గుతుందని ఎవరూ నిరూపించలేదు. క్యూలో నిలబడ్డవాళ్లను మూర్ఖులనడానికి నాకు మనసు రాదు. ఆధారం ముందు, అనుమతి తర్వాత అన్న పద్ధతిని దిల్లీలో పెద్దలే పక్కన పెట్టినప్పుడు, ముత్తుకూరు మండలంలో దాన్ని పాటించమని ఏ ముఖం పెట్టుకుని చెబుతారు?

సమాచారం ఉన్నా సరిగా చెప్పకపోవడం వల్ల జరిగిన నష్టానికి ఇంకో ఉదాహరణ కొవిషీల్డ్. 2021 మే 17న కేంద్రమే ఒక లెక్క ఇచ్చింది. పరిశీలించిన 498 తీవ్ర కేసుల్లో 26 రక్తం గడ్డకట్టినవి కావచ్చని, ప్రతి 10 లక్షల డోసులకు 0.61 చొప్పున అని. చాలా అరుదైన దుష్ప్రభావం. అప్పటికే యూరప్‌లో తెలిసిన విషయం. కానీ ఆ లెక్క ప్రెస్‌నోట్ దాటి గ్రామాల టీకా కేంద్రాల దాకా వెళ్లలేదు. 2024 ఏప్రిల్‌లో బ్రిటన్ కోర్టు పత్రాల్లో, ఈ టీకాను రూపొందించిన ఆస్ట్రాజెనెకా ఆ విషయం ఒప్పుకుందన్న వార్త రాగానే, మూడేళ్లు దాచిన రహస్యం బయటపడ్డట్టు జనం అదిరిపడ్డారు. మన దేశంలో వేసిన డోసుల్లో అత్యధికం కొవిషీల్డే మరి. టీకా వేసిన కొన్ని వారాల్లోపే కనిపించే ఆ అరుదైన సమస్యకూ, మూడేళ్ల తర్వాత వచ్చే గుండెపోటుకూ సంబంధం లేదని వివరించేసరికి ఫార్వర్డ్‌లు ఊరు దాటిపోయాయి.

మరుసటి నెలలో కొవాగ్జిన్ దుష్ప్రభావాల మీద బనారస్ హిందూ యూనివర్సిటీ బృందం వేసిన పేపర్ వచ్చింది. 926 మందిని ఫోన్‌లో అడిగి రాశారు, టీకా వేసుకోనివారితో పోల్చి చూడలేదు. బలహీనమైన అధ్యయనమని ఐసీఎంఆర్ చెప్పింది సబబే. కానీ భారత్ బయోటెక్ ఆ రచయితలను, పత్రికను హైదరాబాద్ కోర్టుకు లాగింది. తర్వాత ఆ పేపర్‌ను వెనక్కి తీసుకున్నారు. అడిగినవాళ్ల మీద కేసులు పెడతారన్న సందేశమే జనానికి చేరింది. పేపర్‌లో లోపం ఏమిటన్నది ఎవరి దాకా వెళ్లింది?

ఈ మధ్యలో తీర్పు చెప్పదగిన చోట ఒకసారి తీర్పు వచ్చింది. 2022 మే 2న, టీకా తప్పనిసరి చేయడాన్ని సవాలు చేసిన జాకబ్ పులియెల్ కేసులో సుప్రీంకోర్టు, ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని చెప్పింది. అనుమతుల ప్రక్రియను మాత్రం తప్పుపట్టలేదు. టీకా విధానం నిర్హేతుకం కాదంది. అదే తీర్పులో దుష్ప్రభావాల ఫిర్యాదులను ప్రజలు, ప్రైవేటు డాక్టర్లు కూడా నేరుగా నమోదు చేసే ఏర్పాటు ఉండాలని, వ్యక్తుల వివరాలు బయటపడకుండా ఆ నివేదికలను అందరికీ కనిపించేలా పెట్టాలని కేంద్రాన్ని ఆదేశించింది. హాసన్‌లో ఈ రోజు ఒక తల్లి తన కొడుకు ఎందుకు పోయాడని అడిగితే, జిల్లా వైద్యాధికారి తెరిచి చూపించాల్సింది ఆ రికార్డునే.

హాసన్ మరణాల మీద కర్ణాటక ప్రభుత్వం వేసిన కమిటీకి 10 రోజుల గడువిచ్చారు. జయదేవ హృద్రోగ సంస్థ డైరెక్టర్ దానికి అధ్యక్షత వహించారు. ఐసీఎంఆర్ ఆర్థిక సాయంతో దిల్లీ ఎయిమ్స్ చేపట్టిన మరో అధ్యయనం, యువకుల ఆకస్మిక మరణాలకు కారణాలను పోస్టుమార్టం, జన్యు పరీక్షలతో వెతికింది. గుండెపోటే ప్రధాన కారణమని, టీకాకు ముందున్న సంవత్సరాలతో పోలిస్తే కారణాల తీరు పెద్దగా మారలేదని తొలి విశ్లేషణలో తేలినట్టు కేంద్రం 2025 జులైలో చెప్పింది. పూర్తి ఫలితాలు అప్పటికి ఇంకా రాలేదు.