మెంటార్ అంటే స్పీచ్ ఇచ్చేవాళ్లా? ఇంజనీరింగ్ అమ్మాయిల గురించి కొన్ని అపోహలు - వాస్తవాలు

18 ఏళ్లుగా ట్రిపుల్ ఈ, అంటే ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్, చెబుతున్నాను. మా కాలేజీ చుట్టూ మిర్చి పండించే ఊళ్లు. క్లాసులో చాలామంది, వాళ్ల ఇంట్లో ఇంజనీరింగ్ గడప తొక్కిన మొదటివాళ్లే. నేనూ అలా వచ్చినదాన్నే, మా నాన్నకు బీటెక్‌కీ ఐటీఐకీ తేడా తెలియదు. ఇలాంటి పిల్లల గురించి, ముఖ్యంగా అమ్మాయిల గురించి, వాళ్లకు వెన్నంటి దారి చూపే మెంటార్ల గురించి స్టాఫ్ రూములో, వాట్సాప్ గ్రూపుల్లో పదే పదే వినే మాటలకు ఇవి నా జవాబులు.

అపోహ: తెలుగు మీడియం పిల్లలకు బేసిక్స్ ఉండవు.

వాస్తవం: ఓ అమ్మాయికి సెమిస్టర్ మధ్యలో పెట్టే మొదటి మిడ్ పరీక్షలో మ్యాథ్స్ పేపరు దాదాపు ఖాళీ. పిలిచి అడిగితే "డెరివేటివ్స్ మాకు ఇంటర్లో లేవు మేడం" అంది. ఒక లెక్క రాసిచ్చాను. చకచకా చేసేసి, "ఇది అవకలనం కదా మేడం!" అంది. మాత్రికలు, నిర్ధారకాలు, సమాకలనం అన్నీ వచ్చు, పేరు మారేసరికి కొత్త సబ్జెక్టు అనుకుని నెలన్నర భయంతో గడిపింది, పక్కవాళ్లను అడగడానికి సిగ్గు. ఆ ఏడాదే సీనియర్లతో రెండు పేజీల జాబితా చేయించాను, ఒకవైపు ఇంటర్ తెలుగు పుస్తకంలోని మాట, రెండోవైపు మనం క్లాసులో వాడే మాట. ఇప్పుడు మొదటి వారమే జిరాక్స్ తీసి పంచుతాం. ఇంగ్లీషులో మాట్లాడటానికి టైం పడుతుంది, నిజమే, కానీ అది బేసిక్స్ లేకపోవడం కాదు.

అపోహ: మెంటరింగ్ అంటే మోటివేషన్ క్లాసు.

వాస్తవం: నేనూ మొదట్లో అదే చేశాను. "ఏ కష్టం ఉన్నా ఎప్పుడైనా రండమ్మా" అనేదాన్ని. ఒక్కరూ రాలేదు. ఎందుకొస్తారు, లెక్చరర్ గదిలోకి వెళ్లడమంటే ఏదో తప్పు చేసినట్టు అని స్కూలు నుంచీ నేర్చుకున్నవాళ్లు! ఇప్పుడు సోమవారం సాయంత్రం నేనే పేరు పేరునా పిలుస్తాను, మనిషికి పది నిమిషాలు. అటెండెన్స్ ఎంత, ఎగ్జామ్ ఫీజు కట్టావా, ఇంటి దగ్గర ఎలా ఉంది. ఇంతే.

అటెండెన్స్ సంగతి చిన్నగా అనిపిస్తుంది. మాది జేఎన్‌టీయూ పద్ధతి, 75 శాతం ఉండాలి, 65 దాకా అయితే సరైన కారణం చూపించి ఫీజు కట్టి గట్టెక్కొచ్చు, అంతకంటే తగ్గితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. ఇంట్లో అన్నో అక్కో బీటెక్ చేసి ఉంటే ఈ లెక్క భోజనాల దగ్గరే తెలిసిపోతుంది. మా పిల్లలకు డిటెయిన్ లిస్టులో పేరు చూశాక తెలుస్తుంది. రెండో సెమిస్టర్ సరిగ్గా మిర్చి కోతల్లో పడుతుంది, కూలీలు దొరక్క ఇంట్లో ఆడపిల్లను "నాలుగు రోజులు రామ్మా" అంటారు, ఆ నాలుగు రోజులు ఇరవై అవుతాయి. ఫిబ్రవరి మొదట్లోనే ఫోన్ చేసి ఇంకా ఎన్ని రోజులు మానొచ్చో అంకె చెబితే ఇంట్లోవాళ్లే లెక్క వేసుకుంటారు. ఏ స్పీచ్‌తోనూ ఈ పని జరగదు.

అపోహ: ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందిగా, ఇంకేం ఖర్చు?

వాస్తవం: హాస్టలు, బస్సు, ల్యాప్‌టాప్, డ్రాయింగ్ సామాన్లు ఎవరు రీయింబర్స్ చేస్తారు? ప్రభుత్వం నుంచి ఆ ఫీజు డబ్బు ఆలస్యమైతే కాలేజీ ముందు అడిగేది ఈ పిల్లలనే. ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) వాళ్ల ప్రగతి స్కాలర్‌షిప్ ఒకటుంది, అమ్మాయిలకే, ఏడాదికి 50,000 రూపాయలు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఇంటికి ఇద్దరి దాకా. కొత్తగా దరఖాస్తు మొదటి ఏడాదిలోనే, డిప్లొమా మీద లేటరల్ ఎంట్రీలో వచ్చినవాళ్లయితే రెండో ఏడాదిలో. థర్డ్ ఇయర్లో తెలుసుకుని నా దగ్గరికొచ్చి ఏడ్చినవాళ్లున్నారు. ఇంకో స్కాలర్‌షిప్ తీసుకుంటూ ఉంటే నిబంధనలు ముందే చదువుకోవాలి, బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకయిందో లేదో కూడా చూసుకోవాలి.

అపోహ: మెషీన్లు, మోటార్లు అమ్మాయిల వల్ల కాదు.

వాస్తవం: మా ల్యాబ్‌కి ఒకసారి రండి. బ్యాచ్‌కి ఒక అమ్మాయిని వేస్తే ఏమవుతుందో తెలుసా? చేతిరాత బాగుంటుందని రీడింగ్స్ రాయిస్తారు. కనెక్షన్లు ఇచ్చేది, స్టార్టర్ పట్టుకునేది అబ్బాయిలు. మూడేళ్లు అలా గడిచాక వైవాలో, అంటే నోటి పరీక్షలో, "డీసీ షంట్ మోటార్ స్టార్ట్ చేసేటప్పుడు ఫీల్డ్ రియోస్టాట్ ఎక్కడుండాలి" అంటే తడబడుతుంది, అప్పుడు మనమే "చూశారా" అంటాం. నేను ఇద్దరు ముగ్గురు అమ్మాయిలను ఒకే బ్యాచ్‌లో వేసి, కనెక్షన్లు ప్రతి వారం చేతులు మారాలని రూల్ పెట్టాను. ఇంకేమీ చేయలేదు.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. మన తెలుగింటి అమ్మాయి అయ్యలసోమయాజుల లలిత 18 ఏళ్లకే భర్తను పోగొట్టుకుని, చంటిపాపతో పుట్టింటికొచ్చి, 1940ల్లో మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. తర్వాత ట్రాన్స్‌మిషన్ లైన్ల డిజైన్‌లో, భాక్రా నంగల్ డ్యామ్ జనరేటర్ల మీద పనిచేశారు. క్లాసుల నిండా అబ్బాయిలే. ఆమెకు తోడు ఉంటుందని కాలేజీ ఇంకో ఇద్దరు అమ్మాయిలను సివిల్‌లో చేర్చుకుంది. ఒంటరిగా కూర్చోబెట్టి ధైర్యంగా ఉండమనలేదు.

అపోహ: అమ్మాయిలకు మెంటార్ ఆడవాళ్లే అయ్యుండాలి.

వాస్తవం: ఉంటే మంచిదే, కొన్ని విషయాలు నాతోనే చెప్పుకుంటారు. కానీ లలితగారికి సీటు ఇమ్మని ప్రిన్సిపాల్‌ని అడిగింది అక్కడే ప్రొఫెసర్‌గా ఉన్న వాళ్ల నాన్న పప్పు సుబ్బారావు గారు. ఆడ స్టాఫ్ తక్కువున్న బ్రాంచీల్లో మెంటరింగ్ తప్పించుకోవడానికి ఈ మాట సాకుగా వాడేస్తున్నారు.

అపోహ: చదువుకోని తల్లిదండ్రులు అమ్మాయిని ఉద్యోగానికి బయటి ఊరు పంపరు.

వాస్తవం: కొందరు పంపరు. చాలామందికి మాత్రం అడగడానికి మనిషి లేడు. రెండేళ్ల క్రితం ఒకాయన ఆఫర్ లెటర్ పట్టుకుని వచ్చారు, పుణెలో ఉద్యోగం. వద్దనడానికే వచ్చారనుకుని ఓ పది నిమిషాలు ఆపకుండా చెప్పాను, ఆడపిల్లలు ఎంత ఎదుగుతున్నారో అదీ ఇదీ. అంతా ఓపిగ్గా విని, "అది కాదు మేడంగారూ, పిల్ల దిగేసరికి రాత్రవుద్దంట. హాస్టలు అడ్రసు ఎవర్నడగాలి?" అన్నారు. ఇప్పుడు ఆఫర్ రాగానే, ఆ ఊళ్లో పనిచేస్తున్న మా సీనియర్ అమ్మాయిని ముందే అడిగి, ఆమె చేతే ఇంటికి ఫోన్ చేయిస్తున్నాను.