యోబు నోరు మూసుకుని భరించాడా? కొన్ని అపోహలు, వాస్తవాలు

వాక్యం చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. సమాధుల దగ్గరా, ఆసుపత్రి వరండాల్లోనూ నేను ఎక్కువగా విన్న పేరు యోబు, ఆస్తీ పదిమంది బిడ్డలూ ఆరోగ్యమూ పోగొట్టుకున్న బైబిల్ మనిషి. ఎక్కువగా తప్పుగా చెప్పిన పేరూ అదే, అందులో నా వాటా కూడా ఉంది. అతని పేరుతో ఉన్న గ్రంథంలో 42 అధ్యాయాలుంటే మొదటి రెండూ, చివరిదీ చదివేసి మధ్యలోని కవిత్వమంతా దాటేస్తాం మరి.

అపోహ: యోబు పల్లెత్తు మాట అనకుండా అన్నీ సహించాడు.

రెండో అధ్యాయం వరకు నిజమే. "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొని పోయెను" అన్నది 1:21లో (మొదటి అధ్యాయం, 21వ వచనం). మూడో అధ్యాయం తెరిస్తే తాను పుట్టిన రోజునే శపిస్తున్నాడు. అక్కడి నుంచి వాదన పెరిగి పెరిగి, 31వ అధ్యాయానికి వచ్చేసరికి తన మీద తనే ఒక్కో ఆరోపణా వేసుకుంటాడు: నా పనివాళ్లకు న్యాయం చేయలేదా, బంగారాన్ని నమ్ముకున్నానా, నా భూమి నా మీద మొరపెట్టిందా అని. చివర్లో ఇదిగో నా చేవ్రాలు, ఇక దేవుడే జవాబు చెప్పాలి అంటాడు. కొత్త నిబంధనలోని యాకోబు పత్రిక 5:11లో యోబు "సహనము" అన్నచోట గ్రీకులో ఉన్న మాట హూపొమొనె, అంటే బరువు కింద పారిపోకుండా నిలబడడం. నోరు విప్పకూడదని అందులో లేదు.

సేవలోకి వచ్చిన కొత్తల్లో, చిన్న బాబు పోయిన ఒక ఇంట్లో 1:21 చదివి "యోబులా ఉండాలమ్మా" అన్నాను. ఆ తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపు ఆపుకుంది. అది విశ్వాసం అనుకుని ఇంటికొచ్చేశాను. ఆవిడ నోరు మూయించింది నేనేనని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

అపోహ: యథార్థత అంటే ఒక్క పాపమూ చేయకపోవడం.

కాదు. తానూ పాపం చేసినవాడినేనని యోబే ఒప్పుకుంటాడు (13:26లో తన బాల్యపు పాపాల సంగతి ఎత్తుతాడు). అతను ఒప్పుకోనిది చేయని తప్పును. ఓదార్చడానికి వచ్చిన ముగ్గురు స్నేహితులు అడిగేది అదే: ఏదో ఒకటి చేసే ఉంటావు, ఒప్పేసుకో, కష్టం తీరిపోతుంది. స్టేషన్‌లో కూర్చోబెట్టి "ఒప్పుకుంటే వదిలేస్తాం" అన్నట్టే ఉంటుంది. యోబు ఒప్పుకోకపోయేసరికి 22వ అధ్యాయంలో వాళ్లలో ఒకడైన ఎలీఫజు సాక్ష్యం అక్కర్లేకుండానే, విధవరాండ్రను వట్టి చేతులతో పంపేశావు, దాహంతో ఉన్నవాడికి నీళ్లివ్వలేదు అని నేరాలు అల్లేస్తాడు. ఒంటినిండా కురుపులతో, చిల్లపెంకుతో గోక్కుంటూ బూడిదెలో కూర్చున్న మనిషికి ఒక్క అబద్ధంతో ఊరట దొరుకుతుందంటే ఎంత ఆశ పుట్టాలి! అయినా "మరణమగువరకు నేనెంతమాత్రమును యథార్థతను విడువను" అన్నాడు (27:5). నాకు ఆ మాట 1:21 కంటే పెద్దదనిపిస్తుంది.

ఇక అందరూ నన్ను తిట్టే పాయింట్. "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు" (8:7) దేవుడిచ్చిన వాగ్దానం కాదు. మన దగ్గర కొత్త సంవత్సరం కార్డు మీదా, కొత్తగా తెరిచిన షాపులో క్యాష్ కౌంటర్ పైనా ఇదే కనిపిస్తుంది గానీ, ఇది ఆ స్నేహితుల్లో మరొకడైన బిల్దదు మాట. మూడు వచనాలు వెనక్కెళ్తే, నీ పిల్లలు పాపం చేశారు కాబట్టే దేవుడు వాళ్లను ఆ తిరుగుబాటుకే వదిలేశాడని, పదిమంది బిడ్డల్ని పాతిపెట్టిన తండ్రి ముఖం మీదే అంటాడు. 42:7లో దేవుడు, మీరు నా గురించి నా సేవకుడైన యోబు పలికినట్టు యుక్తంగా పలకలేదని కోప్పడేది ఎవరి మీదనుకుంటున్నారు? ఎలీఫజు మీదా, ఈ బిల్దదుతో సహా మిగతా ఇద్దరి మీదా.

అలాగని వాళ్లు మొదటి నుంచీ చెడ్డవాళ్లేం కాదు. వచ్చి ఏడు పగళ్లు ఏడు రాత్రులు ఒక్క మాటా మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చున్నారు (2:13). గొడవంతా నోరు తెరిచాకే.

దేవుణ్ణి దూషించి చావమన్నందుకు (2:9) యోబు భార్యను అపవాదితో, అంటే సాతానుతో, జతకట్టడం కూడా మానేద్దాం. ఆ పదిమందినీ కన్నది ఆవిడే.

అపోహ: చివరికి అన్నీ రెండింతలుగా వచ్చాయి.

గొర్రెలు 7,000 నుంచి 14,000 అయ్యాయి, ఒంటెలు 3,000 నుంచి 6,000, ఎద్దులూ గాడిదలూ అలాగే. పిల్లలు మాత్రం మునుపటిలాగే ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. "డబుల్ బ్లెస్సింగ్" ప్రసంగాల్లో ఈ లెక్క ఎందుకు రాదో నాకు అర్థం కాదు. ఎందుకిలా జరిగిందో కూడా అతనికి ఎవరూ చెప్పలేదు, పరలోకంలో అపవాది వేసిన పందెం సంగతి చదివే మనకు తెలుసు గానీ యోబుకు చివరిదాకా తెలియదు. ఆస్తి తిరిగొచ్చిందని చెప్పిన వెంటనే, 42:11లో అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ వచ్చి అతనితో కలిసి భోజనం చేసి, జరిగినదానికి ఓదార్చి, తలా ఒక వరహా, ఒక బంగారు ఉంగరం ఇచ్చి వెళ్లారని ఉంటుంది. బూడిదెలో ఉన్నన్నాళ్లూ వీళ్లు ఎక్కడున్నారో 19:13లో ఉంది, చూడండి.